పడవ వెళ్లొచ్చాక పేరు కొట్టేసేదెవరు? వరద సాయం హ్యాకథాన్ ప్రాజెక్టు డైరీ

శుక్రవారం రాత్రి

రేపటి హ్యాకథాన్‌కి టీమ్ ఖరారైంది. రెండ్రోజుల్లో ఏదైనా సాఫ్ట్‌వేర్ తయారుచేసి చూపించే పోటీ అది. ఇద్దరు డెవలపర్లు, మ్యాపుల పిచ్చి ఉన్న ఒకబ్బాయి, డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి, రిటైరైన స్కూలు మాస్టారు ఒకరు, నేను. మాస్టారికి కోడింగ్ రాదు. కానీ 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర నిలబడి, పడవల వాళ్ళకి ఎక్కడికెళ్ళాలో కాగితాల మీద రాసిచ్చిన మనిషి. ఆయన రాకపోతే ఈ ప్రాజెక్టు వద్దని నేను ముందే చెప్పేశాను.

ఏం తయారుచెయ్యాలన్న దాని మీద వాట్సాప్ గ్రూపులో వారమంతా గొడవే. ఒకరికి డ్రోన్ కావాలి, ఒకరికి వరదని ముందే చెప్పే ఏఐ కావాలి. నా వాదన ఒక్కటే: 2024లో సాయం అడిగేవాళ్ళకి దారి లేక కాదు ఇబ్బంది వచ్చింది. అడగడానికి దారులు కావలసినన్ని ఉన్నాయి. కంట్రోల్ రూమ్ నంబర్లు, ఎమ్మెల్యేల నంబర్లు, వాట్సాప్ గ్రూపులు, ఇన్‌స్టా స్టోరీలు, ఎవరో తెరిచిన గూగుల్ షీట్లు. లేనిదల్లా, ఆ ఇంటికి సాయం అందిందా లేదా అని చెప్పే చోటు.

అప్పుడేం జరిగిందో తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆగస్టు 31న కుండపోత. వెలగలేరు నుంచి వచ్చే బుడమేరు వాగు మళ్లింపు కాలువకి కొండపల్లి వైపు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1, ఆదివారం నాటికి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ నీళ్ళలో ఉన్నాయి. మళ్లింపు కాలువ కలవాల్సింది కృష్ణలో. ఆ కృష్ణలోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. గండ్లు పూడ్చడానికి ఆర్మీ రావాల్సి వచ్చింది. కింది అంతస్తులు మునిగిన వాళ్ళు డాబాల మీద, పై ఇళ్ళలో ఉండిపోయి, రోజుల తరబడి మెసేజ్‌లు పంపారు.

ఆ మెసేజ్‌లు కొన్ని మా దగ్గరున్నాయి. అప్పట్లో వాలంటీర్లుగా పనిచేసినవాళ్ళు ఇచ్చారు. పేర్లు తీసేసి, నంబర్లు మార్చేసి, వాటినే రేపు టెస్ట్ డేటాగా వాడతాం.

శనివారం ఉదయం

కాలేజీ సెమినార్ హాలు. ఏసీ చలికి కొందరు బ్యాగుల్లోంచి శాలువాలు తీశారు. ప్రారంభోపన్యాసాలు ఎప్పటిలాగే సాగాయి కానీ ఒకాయన చెప్పిన పాత సంగతి మాత్రం నోట్సులో రాసుకున్నాను. విపత్తుల కోసం హ్యాకథాన్లు పెట్టడం 2009లో రాండమ్ హ్యాక్స్ ఆఫ్ కైండ్‌నెస్‌తో ఊపందుకుంది. గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ, నాసా, ప్రపంచ బ్యాంకు కలిసి మొదలుపెట్టాయి. అందులోంచి వచ్చిన ‘ఐయామ్ ఓకే’ అనే చిన్న ప్రోగ్రామ్ మరుసటి ఏడాది హైతీ, చిలీ భూకంపాలప్పుడు పనికొచ్చింది. అది చేసేది ఒక్కటే పని: నేను బాగానే ఉన్నానని ఇంట్లోవాళ్ళకి కబురు పంపడం.

మా డిగ్రీ అమ్మాయి నా వైపు తిరిగి, "అన్నా, అంటే మనం చెయ్యబోయేది పదిహేనేళ్ళ కిందే చేశారా?" అంది. అవును, దాదాపుగా. అదేమీ సిగ్గుపడాల్సిన విషయం కాదు. కేరళలో 2018 ఆగస్టు వరదలప్పుడు ఐఈఈఈ (ఇంజనీర్ల సంఘం) కేరళ విభాగం వాలంటీర్లు, రాష్ట్ర ఐటీ మిషన్ కలిసి నడిపిన కేరళరెస్క్యూ అనే సాయం కోరే సైటు కోడ్ కూడా, ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో అందరికీ తెరిచే ఉంది. మేం దాన్ని చదివి, డేటాబేస్ పట్టికలు ఎలా కట్టారో చూసుకునే మొదలుపెట్టాం. ఇక్కడ అందరికీ కొత్తది కనిపెట్టాలన్న తాపత్రయం. ఉన్నదాన్ని తీసి మన ఊరికి సరిపడా కుట్టుకుంటే ప్రైజు రాదన్న భయమూ కావచ్చు.

శనివారం మధ్యాహ్నం

మెసేజ్‌లు తెరిచి కూర్చున్నాం. ఒక నమూనా (వివరాలు మార్చాను): "అర్జెంట్. డాబాకొట్ల సెంటర్ దాటాక పాల డిపో సందు, మూడో ఇల్లు, పైన. ఇద్దరు ముసలివాళ్ళు, ఒక పసిబిడ్డ. పాలు అయిపోయాయి. నీళ్ళు పీకల్లోతు. దయచేసి షేర్ చెయ్యండి." కింద ఫోన్ నంబరు.

ఇదే మెసేజ్ మా ఫైల్లో ఎన్ని రూపాల్లో ఉందో! ఒకచోట తెలుగులో, ఒకచోట ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకచోట పైన ‘ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్’ అని. ఒకరు పసిబిడ్డని గర్భిణిగా మార్చారు. ఇంకొకరు నంబరు తీసేసి తన నంబరు పెట్టారు. అన్నిటికన్నా ఇబ్బంది టైముతో వచ్చింది. ఫార్వర్డ్ అయ్యాక అసలు మెసేజ్ ఎప్పుడు రాశారో ఎవరికీ కనపడదు. ఆదివారం పొద్దున రాసిన "ఇప్పుడే" మంగళవారం సాయంత్రం కూడా "ఇప్పుడే"గానే తిరుగుతోంది.

మాస్టారు అప్పుడు చెప్పిన మాట అందరి చేతుల్నీ కీబోర్డుల మీంచి లేపేసింది. నందమూరి నగర్‌లో ఒకావిడకి ఫోన్ చేస్తే, "బాబూ, మమ్మల్ని నిన్ననే తీసుకొచ్చేశారు, పొద్దుట్నించి మీలాంటి వాళ్ళు చేస్తూనే ఉన్నారు" అందట. అది నయం. ఇంకా నీళ్ళలోనే ఉన్నవాళ్ళకీ అలాగే ఫోన్లు వెళ్ళాయి. కరెంటు లేని ఇంట్లో, ఉన్న కాస్త ఛార్జింగూ "మీరు బానే ఉన్నారా" అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పడంతోనే అయిపోయింది. తర్వాత పడవ వాళ్ళు చేస్తే స్విచ్ఛాఫ్. సందులోకి వెళ్ళి కేకలేసి వెతుక్కోవాల్సిందే.

కాబట్టి పని మూడు భాగాలుగా తేలింది. జాబితాలో ఒక్కో ఇంటికి ఒకే వరస ఉండాలి. ఎవరు పడితే వాళ్ళు ఫోన్ చెయ్యకూడదు. సాయం అందగానే ఆ వరస మూతపడాలి.

మొదటి దానికి ఫోన్ నంబరే తాళంచెవి. మెసేజ్‌లోంచి అంకెలన్నీ లాగి, ముందున్న సున్నా, ప్లస్ తొంభై ఒకటి, మధ్య ఖాళీలు, గీతలు తీసేసి చివరి పది అంకెలు ఉంచుకోవడం. ఇది గంటలో అయిపోయింది. అయితే ప్రతి వరసకీ రెండు నంబర్లు పెట్టాల్సి వచ్చింది: అడిగేవాళ్ళది, చిక్కుకున్నవాళ్ళది. తల్లి పాయకాపురంలో ఉంటుంది, కొడుకు హైదరాబాద్ నుంచో డల్లాస్ నుంచో మెసేజ్ పెడతాడు. ఈ రెండూ కలిపేస్తే పడవ వాళ్ళు అమెరికాకి ఫోన్ చేస్తారు.

నంబరు లేని వాటికి స్థలం పేరే గతి. సింగ్ నగర్, సింగునగర్, సింగ్‌నగర్, అజిత్ సింగ్ నగర్, ఏఎస్ నగర్, ఇంగ్లీషులో ఇంకెన్నో స్పెల్లింగులు. ఉచ్చారణని బట్టి దగ్గరగా ఉన్నవాటిని కలిపే చిన్న ఫంక్షన్ మా డెవలపర్ రాశాడు. అది శాంతినగర్‌నీ సింగ్ నగర్‌నీ కలపలేదు కాబట్టి ప్రస్తుతానికి చాలు.

నీటి లోతు దగ్గర చిన్న వాదన. ఫారంలో అడుగులు పెడదామన్నాడు ఒకడు. నీళ్ళలో నిలబడ్డవాడు టేపు పెట్టి కొలుస్తాడా? మెసేజ్‌లన్నిట్లో జనం వాడినవి ఇవే: పాదాలు, మోకాళ్ళు, నడుము, పీకల్లోతు, మనిషి మునిగేంత, ఫస్ట్ ఫ్లోర్ దాకా. అవే బటన్లుగా పెట్టేశాం.

మ్యాపుల అబ్బాయి ఉపగ్రహ చిత్రాలతో ముంపు గీద్దామని చాలాసేపు పోరాడాడు. సెంటినెల్-1 అనే యూరప్ ఉపగ్రహాల జంటలోని రాడార్ మబ్బుల్లోంచి కూడా చూడగలదు, నిజమే. కానీ ఇళ్ళు కిక్కిరిసిన చోట రాడార్ కిరణాలు గోడలకి, నీళ్ళకి తగిలి గందరగోళంగా తిరిగొస్తాయి. పొలాలకి బాగా పనిచేసేది సందులకి పనిచెయ్యదు. పైగా ఆ జంటలో ఒక ఉపగ్రహం 2021 డిసెంబరులో పాడైపోయింది, దాని తర్వాతది 2024 డిసెంబరు దాకా పైకెళ్ళలేదు. బుడమేరు వరద సరిగ్గా ఆ మధ్యలో వచ్చింది. అతనే చివరికి, "కొల్లేరు పక్క ఊళ్ళకి వాడుకుందాం లెండి" అని వదిలేశాడు.

శనివారం రాత్రి

మూత వేసే పని మీద కూర్చున్నాం. క్షేమంగా బయటపడ్డవాళ్ళు ఆ సంగతి మనకెలా చెప్పాలి? యాప్ వద్దని అందరం ఒప్పుకున్నాం. ఎస్సెమ్మెస్ లింకు పంపుదామంటే మన దేశంలో మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌కి డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (ఎవరు పంపుతున్నారో ముందే నమోదు చేసుకోవడం) కావాలి, పంపే మెసేజ్ మూసకి కూడా ముందే ఆమోదం తీసుకోవాలి. స్పామ్ ఆపడానికి మంచి రూలే. వీకెండ్‌లో అయ్యే పని మాత్రం కాదు. నీళ్ళొచ్చాక మొదలుపెడితే అసలే కాదు.

"మిస్డ్ కాల్!" అని నేనూ మా డెవలపరూ ఒకేసారి అన్నాం. పైసా ఖర్చు లేదు, కీప్యాడ్ ఫోనైనా చాలు, ఛార్జింగ్ తినదు. సర్వర్ కాల్ కట్ చేసి నంబరు రాసుకుంటుంది, ఆ నంబరున్న వరస మూసేస్తుంది. మేం చప్పట్లు కొట్టుకుంటుంటే మాస్టారు టీ తాగుతూ అన్నారు: "మనవాళ్ళు మిస్డ్ కాల్ ఇచ్చేదే తిరిగి చెయ్యమని కదండీ. నీళ్ళలో ఉన్నావిడ కాపాడమని ఇస్తుంది. మీరు బయటపడిందని పేరు కొట్టేస్తారు."

హాల్లో ఆ మూలంతా కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత డిజైన్ ఇలా మారింది. మిస్డ్ కాల్ రాగానే వరస మూతపడదు. సిస్టమే తిరిగి ఫోన్ చేస్తుంది, రికార్డు చేసిన గొంతు రెండే వాక్యాలు చెబుతుంది: "మీరు క్షేమంగా బయటపడితే ఒకటి నొక్కండి. ఇంకా సాయం కావాలంటే రెండు నొక్కండి." ఏదీ నొక్కకపోతే వరస తెరిచే ఉంటుంది. లిస్టులో లేని నంబరైతే కొత్త వరస తెరుచుకుంటుంది, వాలంటీరు మాట్లాడాలని గుర్తు పడుతుంది. అనుమానం వస్తే తెరిచి ఉంచడమే. కొట్టెయ్యడం అనేది ఎవరో ఒక మనిషి ఔనంటేనే.

గొంతు ఎవరిది పెట్టాలి? కంప్యూటర్ గొంతు విని మాస్టారు మొహం చిట్లించారు. లోను ఆఫర్ అనుకుని పెట్టేస్తారన్నారు. చివరికి డిగ్రీ అమ్మాయే మెట్ల కింద నిలబడి చెప్పింది. మొదటిసారి న్యూస్ రీడర్‌లా చదివింది. "ఏమ్మా, మీ పిన్నికి ఫోన్ చేసినట్టు చెప్పు" అన్నాక కుదిరింది.

ఏఐ ముచ్చట కూడా తీర్చుకున్నాం. మెసేజ్ ఇస్తే పేరు, స్థలం, మనుషుల సంఖ్య విడదీయమన్నాం. చాలావరకు బాగానే చేసింది. అడ్రసు లేని మెసేజ్‌కి మాత్రం చక్కగా ఒక ఇంటి నంబరు సృష్టించి ఇచ్చింది. పడవని లేని ఇంటికి పంపే ధైర్యం మాకు లేదు. ఖాళీ ఉంటే ఖాళీగానే ఉండాలని, అది తీసిన ప్రతి మాటా అసలు మెసేజ్‌లో ఉండి తీరాలని ఒక చెక్ రాశాం. వాయిస్ నోట్స్ మటుకు మనుషులే విని టైప్ చేస్తారు. డల్లాస్‌లో ఉన్న స్నేహితులు కొందరు రాత్రి షిఫ్టు మాదన్నారు. మనకి అర్ధరాత్రి అయితే వాళ్ళకి మధ్యాహ్నం. 2010లో హైతీ భూకంపం తర్వాత 4636 నంబరుకి క్రియోల్ భాషలో వచ్చిన ఎస్సెమ్మెస్‌లని బయటి దేశాల్లోని హైతీవాళ్ళు ఇలాగే అనువాదం చేసి పెట్టారు.

ఆదివారం

పొద్దున్నంతా ప్రింటు గొడవ. పడవ నడిపేవాళ్ళు, ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు తడి చేతులతో ఫోన్ తెరవరు, కాగితం అడుగుతారు. అందుకని ఏ4 షీటు: పెద్ద అక్షరాల తెలుగు, పడవ ఎక్కే చోటుని బట్టి వరసలు, చివర ఖాళీ గడి. పడవ తిరిగొచ్చాక ఆ గడిలో టిక్కు పెడితే, ఒడ్డున ఉన్నవాళ్ళు సిస్టమ్‌లో ఎక్కిస్తారు.

ప్రింటు తీస్తే ఒత్తులన్నీ ఊడిపోయి ఉన్నాయి. "ఫ్లైఓవర్" అన్నది మూడు ముక్కలై, పొల్లు ఒకచోట, ల ఒకచోట. మేం వాడిన పీడీఎఫ్ లైబ్రరీకి తెలుగు అక్షరాల్ని కలిపి పేర్చడం రాదు, ఒక్కో కోడ్‌ని విడివిడిగా దించేస్తుంది. ఫాంట్లు మార్చి మార్చి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆ లైబ్రరీనే పక్కన పెట్టేసి, హెచ్‌టీఎంఎల్ పేజీ తయారుచేసి బ్రౌజర్‌లోంచే ప్రింటు కొట్టాం. బ్రౌజర్‌కి తెలుగు వచ్చు. తెలుగులో పీడీఎఫ్ తియ్యాల్సిన వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే నేరుగా ఇక్కడికే రండి.

డెమోకి ఇచ్చిన టైములో మిస్డ్ కాల్ నుంచి కాగితం మీద గడి దాకా మొత్తం చూపించాం. మొదటి బహుమతి డ్రోన్ టీముకి వెళ్ళింది. వాళ్ళది బాగుంది కూడా, 2024లో డ్రోన్లతో ఆహారం పొట్లాలు నిజంగానే పంపారు. ఒక జడ్జిగారు మాత్రం మమ్మల్ని మంచి ప్రశ్న అడిగారు: "వరద తగ్గాక ఈ నంబర్లన్నీ ఏమవుతాయి?" దానికి జవాబు అక్కడే చెప్పాం. మూతపడిన వరసలో నంబరు వెంటనే దాచేస్తాం, చివరి రెండంకెలే కనిపిస్తాయి. జనానికి తెరిచిన షీటు అసలు ఉండదు. 2024 నాటి షీట్లు కొన్ని చాలాకాలం తర్వాత కూడా లింకు ఉన్నవాళ్ళకి తెరుచుకుంటూనే ఉన్నాయి. వాటిలో ఆడవాళ్ళ నంబర్లు, "ఇంట్లో ఒంటరిగా ఉంది" అన్న వివరంతో సహా.

హ్యాకథాన్ అయ్యాక, ఒక ఆదివారం

చాలా టీములు ఇక్కడితో ఆగిపోతాయి. మాదీ ఆగేదే. మ్యాపుల అబ్బాయి బండి తీసి, "సింగ్ నగర్ పోదాం పదండి" అనబట్టి కదిలింది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (జనమే గీసుకునే ఉచిత మ్యాపు) ఆ ప్రాంతం రోడ్లు చాలావరకు ఉన్నాయి. జనం చెప్పే గుర్తులు లేవు. లూనా సెంటర్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? ఎక్సెల్ ప్లాంట్ రోడ్డు అంటే ఏ వైపు నుంచి? అవి అడిగి అడిగి రాసుకున్నాం. ఒక టిఫిన్ బండి దగ్గర అడిగితే ఆయన గరిటె పక్కన పెట్టి, గోడ మీద మరక చూపించాడు. నా భుజం ఎత్తున ఉంది. రంగు వేశాక కూడా లోపల్నుంచి పైకొస్తోందట. "పాల డిపో సందు అంటే ఇక్కడ మూడున్నాయి సార్. మీకు ఏ డిపో కావాలి?" అన్నాడు. ఒక పేరుకి మూడు చోట్లుంటే, మూడూ చూపించి వాలంటీరుని ఎంచుకోమనే తెర ఆ బండి దగ్గర టీ తాగుతూ గీసిందే.

చెన్నైలో 2015 వరదలప్పుడు జనమే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద మునిగిన వీధుల్ని నొక్కి నొక్కి గుర్తుపెట్టారు. అలా చెయ్యాలంటే ముందు వీధి మ్యాపులో ఉండాలి కదా. అందుకే కాలేజీ పిల్లలతో నెలకోసారి మ్యాపథాన్ పెట్టుకుంటున్నాం. డాబా ఉన్న ఇళ్ళు, మెట్లు బయటి నుంచి ఉన్న అపార్టుమెంట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు గుర్తిస్తున్నాం. ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి మాస్టారే పట్టుబట్టారు. కరెంటు తీశారో లేదో తెలియని సందులోకి పడవ వాళ్ళు వెళ్ళనంటారట, అది న్యాయమే.

మాక్ డ్రిల్

పాత మెసేజ్‌లన్నీ వేగంగా వరసగా వదిలాం. ఒకవైపు కొత్త సిస్టమ్, ఇంకోవైపు మామూలు షేర్డ్ షీటు. షీటు టీము మొదట ముందుంది. మనిషి కళ్ళు వేగమైనవే. మెసేజ్‌లు పెరిగేకొద్దీ వాళ్ళు ఒకరి వరస మీద ఒకరు టైప్ చేసుకోవడం, రంగులు వేసుకోవడం, ఆకుపచ్చ అంటే అందిందా, బయల్దేరిందా అని వాదించుకోవడం మొదలైంది. మా వైపు ఇబ్బంది వేరే చోట తేలింది: ‘నేను ఫోన్ చేస్తున్నాను’ అని, ఇంకెవరూ చెయ్యకుండా వరసకి తాళం వేసిన వాలంటీరు భోజనానికి వెళ్ళిపోయాడు. తాళం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఆ తాళం కొద్ది నిమిషాలకి దానంతటదే ఊడిపోతుంది.

‘అందింది’ని కూడా రెండు చెయ్యమన్నారు డ్రిల్‌కి వచ్చిన డాక్టరుగారు. పాల ప్యాకెట్టు అందడం వేరు, మనిషి బయటికి రావడం వేరు. డయాలసిస్ పేషెంటుకి ఆహారం పొట్లం ఇచ్చి పేరు కొట్టేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇన్సులిన్, డయాలసిస్, నెలలు నిండిన గర్భిణులు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ వరస, మనిషి బయటికొచ్చారని చెప్పేదాకా మూతపడదు.

జూన్

ఈ సిస్టమ్ మాకూ కావాలని గోదావరి వైపు నుంచి అడిగారు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. మేం మొదటి హెచ్చరికకే సిస్టమ్ తెరిచి, వాలంటీర్ల జాబితా సరిచూసుకోవాలని అనుకున్నాం. అయితే శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేసి మా మిస్డ్ కాల్ పథకం మీద నీళ్ళు చల్లాడు. "అన్నా, మాకు ముందు పోయేది టవరే." నీళ్ళొస్తాయని తెలియగానే వాళ్ళు సామాన్లతో కొండ మీదికో, పునరావాస కేంద్రానికో వెళ్ళిపోతారు. అక్కడ వాళ్ళ పేరు ఎక్కేది రిజిస్టరులో.

అందుకని ఆ ప్రాంతానికి దారి తిరగేశాం. పునరావాస కేంద్రం రిజిస్టరు పేజీని ఫొటో తీసి, సిగ్నల్ దొరికిన చోట పంపితే, ఇక్కడ టైప్ చేసి, ఊరివారీ జాబితాతో పోలుస్తాం. రిజిస్టరులో కనపడని పేర్లే ప్రింటై పడవ వాళ్ళకి వెళ్తాయి. ఫోన్ నంబరు బదులు ఊరు, ఇంటిపేరు, ఇంటి పెద్ద పేరు తాళంచెవులు. ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరు చాలామందికి ఉంటుంది కాబట్టి కుటుంబంలో ఎంతమంది అన్నది కూడా చేర్చాం. ఇంకా సరిగ్గా కుదరలేదు. రిజిస్టరు రాసేవాళ్ళు పిల్లల పేర్లు రాయకుండా ‘పిల్లలు 2’ అని రాస్తున్నారు.

ఆ కుర్రాడే ఇంకోటి కూడా అడిగాడు. సిగ్నల్ ఉన్న చింతూరు లాంటి చోట్లకి ఫోన్ వెళ్తే ఆ రికార్డు గొంతు తెలుగులోనేనా, కోయలో కూడా ఉంటుందా అని. పెద్దవాళ్ళకి కోయలో అయితే బాగుంటుందన్నాడు. ఉన్నవి రెండే వాక్యాలు కాబట్టి కష్టం కాదు. ఆ భాష వచ్చిన టీచరుగారు ఒకరు ఈ శనివారం వస్తామన్నారు. మైకు నా దగ్గరుంది. రిజిస్టరు ఫారం కొత్త నమూనాలో పిల్లల పేర్లకి విడి గడులు పెట్టి, అదే రోజు ఆ కుర్రాడితో ఒక కట్ట పంపించాలి. ప్రింటరులో ఇంకు అయిపోవచ్చింది, అది ముందు కొనాలి.